ఆరికెమ్మ నిద్ర

గింజ ఏదైనా సరే, ఉరుకుందమ్మ ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుంటుంది. పిడికిలి నిండా తీసుకుని, వేళ్ళు బిగించి, చెవి పక్కన రెండుసార్లు ఆడిస్తుంది. ఆరిన గింజ గలగలమంటుంది. పచ్చి గింజ పలకదు. కొర్రలైనా అంతే, సజ్జలైనా అంతే, అంగట్లో కొన్న కందిపప్పైనా అంతే. ఒకసారి ఆదోనిలో పెద్ద అంగడికి పోయినప్పుడు ప్లాస్టిక్ పొట్లాన్ని కూడా అలాగే ఆడించింది. బిల్లు కొట్టే అమ్మాయి నవ్వింది. ఉరుకుందమ్మ ఇంకో పొట్లం తీసి, దాన్నీ ఆడించి, రెండోదే ఇమ్మంది.

ఆమెకు అరవై రెండేళ్ళు. పుట్టింది తుగ్గలి దిక్కు. మారెప్పను పెళ్ళి చేసుకుని దేవనకొండ దిక్కు వచ్చింది. అప్పటినుంచి కూలికి పోతూనే ఉంది. కలుపు తీసింది, వేరుశనగ పీకింది, పత్తి తీసింది, ఉల్లిగడ్డలు కోసింది. సొంతానికి ఎకరంన్నర రాళ్ళ నేల ఉంది. చుట్టుపక్కల వాళ్ళు ఆ నేలలో పత్తి పెట్టమని చాలా ఏళ్ళు చెప్పారు. ఆమె కంది సాళ్ళ మధ్య ఆరికెలు వేసింది. ఆరికెకు పెద్దగా సేవ అక్కర్లేదు. విత్తి వదిలేస్తే, వాన వచ్చినప్పుడు లేస్తుంది, రానప్పుడు ఓర్చుకుంటుంది. మారెప్పకు ఆ పంటంటే చిన్నచూపు. నా పెళ్ళాం గడ్డి పండిస్తుంది, నేను మేస్తాను అని ఊళ్ళో చెప్పుకునేవాడు.

ఆరికెల విషయంలో ఆమెకు ఒక కట్టుబాటు ఉంది. కొత్త గింజ ఇంటికి రాగానే కాగుకెత్తి, వేపాకు వేసి, మూత మీద పేడమట్టి మెత్తుతుంది. ఉగాది దాటేదాకా ఆ మూత తీయదు. ఎందుకని అడిగితే కథ చెబుతుంది. కొర్రమ్మ, ఆరికెమ్మ అక్కచెల్లెళ్ళు. ఇద్దరినీ ఒకే ఇంటికి ఇచ్చారు. కొర్రమ్మ అత్తగారింట్లో దిగిన రోజే పొయ్యి దగ్గర కూర్చుంది. ఆరికెమ్మకు నిద్ర ఎక్కువ. వచ్చింది వచ్చినట్టు కాగులో ముడుచుకుని పడుకుంది. అత్త మంచిది. ఉగాదికి లేస్తుందిలే అని మూత వేసింది. తోడికోడళ్ళలో ఒకతె ఓపిక లేక ముందే లేపింది. లేపినదానికి ఆ నిద్ర అంటుకుంది. నడిస్తే తూలింది, కూర్చుంటే ఒరిగింది, మూడు రోజులు మనుషుల్ని గుర్తుపట్టలేదు.

ఈ కథను ఉరుకుందమ్మ తల్లి దగ్గర విన్నది. తల్లి ఎవరి దగ్గర విన్నదో తెలియదు.

కొడుకు మాదన్న ఆదోనిలో ఆటో నడుపుతాడు. కోడలు స్వప్న డిగ్రీ రెండేళ్ళు చదివి ఆపేసింది. రెండేళ్ళ కింద బస్టాండు దగ్గర చిన్న బండి పెట్టింది. జొన్నరొట్టె, కొర్రన్నం, సద్ద సంగటి. చక్కెర జబ్బు వాళ్ళు వస్తారు, వాళ్ళను చూసి మిగతావాళ్ళూ వస్తారు. అత్తాకోడళ్ళ మధ్య పెద్ద గొడవలేమీ లేవు. బండి మీద ఏం వండాలన్నా స్వప్న ఫోన్ చేసి అడుగుతుంది. ఉరుకుందమ్మ చెప్పినదాంట్లో సగం వింటుంది.

నవంబరు చివర్లో ఒక మంగళవారం సాయంత్రం స్వప్న బస్సు దిగి ఊళ్ళోకి వచ్చింది. చేతిలో బట్టల సంచి ఉంది, మొహంలో సంతోషం ఉంది. ఎమ్మిగనూరు బడిలో పనిచేసే వీణ అనే టీచరమ్మ బండి దగ్గరికి వచ్చి తిన్నదట. వాళ్ళ బడిలో ఆదివారం తల్లిదండ్రుల సమావేశం ఉందట. నూట ఇరవై మందికి భోజనం స్వప్ననే వండమందట. ఇంతవరకు ఆమె ఒకేసారి పాతికమందికి మించి వండలేదు. ఇది బాగా జరిగితే బడిలో ప్రతి ఆదివారం జరిగే తరగతులకు కూడా వంట ఈమెదే. వీణకు ముఖ్యంగా కావలసింది ఆరికె అన్నం. మా అత్త చేతుల మీద పండిన ఆరికెలు అని స్వప్న చెప్పింది. ఆ మాట వీణకు ఎంత నచ్చిందంటే, ఊరి పేరుతో సహా కాగితం మీద అచ్చు వేయించింది.

ఉరుకుందమ్మ అంతా విని, మా ఆరికెలు నిద్రపోతున్నాయి అంది.

పాత కాగు ఆగస్టులోనే ఖాళీ అయింది. ఉన్నవి కొత్తవే. రెండు మూటలు గోడవార ఉన్నాయి. కాగుకు ఎత్తాల్సి ఉంది. స్వప్న ముందు నవ్వింది. తర్వాత బతిమాలింది. అంగట్లో దొరికేవి తెస్తే టీచరమ్మకు అబద్ధం చెప్పినట్టవుతుందని, అచ్చు వేసిన కాగితం ఇంటింటికీ పోయిందని చెప్పింది. ఉరుకుందమ్మ జొన్నరొట్టె తడుతూ వింది. తట్టడం ఆపలేదు. చివరకు స్వప్న గొంతు తగ్గించి అడిగింది.

“అత్తా, నువ్వెప్పుడన్నా ఎవురికన్నా ఆ మత్తెక్కింది సూసినావా?”

“లేదు.”

“మీయమ్మ సూసిందా?”

“సెప్పలేదు.”

“మరి ఎవురు సూసినారు?”

ఉరుకుందమ్మ రొట్టెను పెనం మీద వేసింది. గోడకు ఆనుకుని కూర్చున్న మారెప్ప కోడలి వైపు తిరిగాడు. “మత్తు సంగతి ఆరికెలనడిగితే ఏం తెలుస్తాది సప్నా? నన్నడుగు” అన్నాడు. ఇద్దరు ఆడవాళ్ళూ ఆయన్ను పట్టించుకోలేదు.

ఆ ప్రశ్న ఉరుకుందమ్మను వదల్లేదు. నలభై ఆరేళ్ళుగా ఆమె మూత మెత్తుతూ వచ్చింది. ముందే మూత తీసిన ఇల్లు ఊళ్ళో లేదు. అందుకే తూలిన మనిషీ లేదు. మత్తు నిజమో, మూత మెత్తడం ఒక్కటే నిజమో ఆమెకు తెలియదు. తెలుసుకోవాలని ఇంతవరకు అనిపించలేదు.

బుధవారం పొద్దున ఆమె గుమ్మం దగ్గరున్న మూట విప్పి సేరు గింజలు తీసింది. చెవి దగ్గర ఆడించింది. బాగానే పలికాయి. స్వప్న వాటిని పక్కింటివాళ్ళ స్కూటరు మీద దేవనకొండకు తీసుకుపోయి పొట్టు తీయించి తెచ్చింది. ఉరుకుందమ్మ ఏడు నీళ్ళు కడిగింది, తేలినవి పారబోసింది, వండింది. పదకొండు గంటలకు పళ్ళెంలో పెట్టుకుని కూర్చుంది. ఎవరూ ముట్టొద్దని చెప్పింది. స్వప్న నేనూ తింటానంటే, వండినదాని మీద గిన్నె బోర్లించి దాని పక్కనే కూర్చుని తింది. అన్నం బాగానే ఉందని, కొంచెం చేదు తగులుతోందని అంది.

పన్నెండుకు ఏమీ కాలేదు. స్వప్న చీర కొంగు దులుపుకుని, చూసినావా అత్తా అన్నట్టు నిలబడింది. పన్నెండున్నరకు ఉరుకుందమ్మ నీళ్ళ చెంబు కోసం చెయ్యి చాపింది. చెయ్యి చెంబుకు జానెడు ఇవతలే ఆగింది. మళ్ళీ చాపింది. ఈసారి చెంబు దాటిపోయింది. ఆమె తన చేతినే చూస్తూ కూర్చుంది. తర్వాత మొగుణ్ణి చూసి నవ్వడం మొదలుపెట్టింది.

“ఏమే, ఏమయింది?” అన్నాడు మారెప్ప.

“నీ మీసం యాడికో పోతాండాది. పట్టుకో” అంది.

లేవబోయి మళ్ళీ కూలబడింది. కాళ్ళూ చేతులూ వణుకుతున్నాయి. స్వప్న పరుగున పోయి ఊళ్ళో ఉండే నర్సమ్మను పిలుచుకొచ్చింది. నర్సమ్మ నాడి చూసింది, రక్తపోటు చూసింది. ఏం తిన్నదో అడిగి తెలుసుకుని, పడుకోబెట్టొద్దని, ఒంటరిగా వదలొద్దని, వాంతులైనా, మాట పడిపోయినా వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేయమని చెప్పింది. పుల్లటి మజ్జిగ తాగించమంది. నర్సమ్మ వెళ్ళేటప్పుడు ఉరుకుందమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, నీ జడ బాగుంది, నిజందేనా అని అడిగింది.

మజ్జిగ తాగి గోడకు ఒరిగాక ఆమె మాటలు ఇంకా ఎక్కువయ్యాయి. చనిపోయి ఇరవై ఏళ్ళయిన అత్తను తలుచుకుంది. “మీయమ్మ కూరలో రెండుసార్లు ఉప్పేసినా. మర్సిపోయి కాదు, కావాల్నే ఏసినా” అని మారెప్పకు చెప్పింది. మారెప్ప, నాకు అప్పుడే తెలుసు అన్నాడు. స్వప్నకు భయంగానూ ఉంది, నవ్వూ వస్తోంది. మాదన్నకు పంపుదామని ఫోన్‌లో వీడియో తీయడం మొదలుపెట్టింది. అప్పుడే ఉరుకుందమ్మ పాట ఎత్తుకుంది. రెండు చేతులతో కనిపించని రోకలి పట్టుకుని, దంచుతున్నట్టు పైకీ కిందికీ ఊపుతూ పాడింది.

కొర్రక్క వచ్చెనే కోడి కూయక ముందె
ఆరికెమ్మ వచ్చెనే ఆలస్యమాయె
దారిలో వానొచ్చె దోసిళ్ళ తాగె
తాగిన తల్లినీ తట్టి లేపొద్దు

నాలుగుసార్లు పాడింది. తర్వాత గోడకు ఒరిగే కునికిపాట్లు పడింది. స్వప్న పొద్దు కుంకేదాకా ఆమె భుజం తడుతూ కూర్చుంది. వీణకు ఫోన్ చేసి కొర్రన్నమే పెడతానని చెప్పాలనుకుంది. ఎలా చెప్పాలో తెలియక చేయలేదు.

గురువారం ఉరుకుందమ్మ తల బరువుతో లేచింది. మాట సరిగ్గా ఉంది, చెయ్యి చెంబు దగ్గరికి తిన్నగా పోయింది. జరిగినదాంట్లో సగం గుర్తులేదు. ఉప్పు సంగతి తాను చెప్పి ఉండనని వాదించింది. పాట పాడావంటే అసలే నమ్మలేదు. మాదన్న చంకలో ఉన్నప్పుడే దేవనకొండలో మిల్లు పెట్టారు. రోలు వాకిట్లోకి పోయింది, కుడితి తొట్టి అయింది. దంపుడు లేనప్పుడు దంపుడు పాట ఎవరు పాడతారు? కథ అయితే కూర్చుని చెప్పుకోవచ్చు. అందుకే అది మిగిలింది.

స్వప్న ఫోన్ ఆమె చేతికిచ్చింది. ఉరుకుందమ్మ తన గొంతు తానే వింది. రెండోసారి పెట్టమంది. మూడోసారి వింటుండగా స్వప్న అడిగింది.

“దారిలో వాన తాగింది అంటాండావు. కథలో ఎప్పుడూ ఆ మాట సెప్పలేదే?”

ఉరుకుందమ్మ ఫోన్ కింద పెట్టింది. లేచిపోయి గోడవార ఉన్న రెండు మూటల ముందు నిలబడింది. ఆ ఏడు దీపావళి అయ్యాక కోత మొదలైంది. మొదటి రోజుల్లో కోసినదాన్ని మోసుకొచ్చి కొట్టంలో వేశారు. మిగతాది కోసి చేనిలో పరిచిన రోజే తుఫాను వాన పట్టుకుంది. మూడు రోజులు కురిసింది. ఓదెలు బురదలో నానాయి. తర్వాత ఎండ వచ్చింది. ఎండబెట్టి, కొట్టి, చెరిగి, వేరే మూట కట్టారు. కొట్టంలోది ముందే కొట్టారు కాబట్టి దాని మూట వేరుగా ఉంది. రెండూ ఉగాదిదాకా పడుకోవలసినవే. అందుకని ఏది ఏదో ఆమె పట్టించుకోలేదు. రెండూ చెవి దగ్గర ఒకేలా పలికాయి.

గుమ్మం దగ్గరున్నది వాన మూట. తాను తిన్నది దానిలోదే.

తన తల్లి కూడా రోలు వదిలేశాక కథే చెప్పిందని ఆమెకు గుర్తొచ్చింది. నిద్ర ఎందుకొచ్చిందో పాటలో ఉంది. ఎప్పుడు లేపాలో కథలో ఉంది. చేతిలో మిగిలింది ఉగాది ఒక్కటే. పంట వానకు తడవని ఏడు కూడా అందరూ మూత మెత్తుతూనే వచ్చారు.

ఆ మూట మూతిని ఆమె దబ్బనంతో కుట్టేసింది. విత్తనానికి పనికొస్తుందని, నోటికి వద్దని చెప్పి అటక మీదికి ఎక్కించింది. తర్వాత రెండో మూట విప్పింది. స్వప్న వచ్చి దాని మూతి పట్టుకుంది.

“వద్దత్తా. టీచరమ్మకు కొర్రన్నమని సెప్తా. కాగితందేముంది, తప్పు పడిందంటా.”

“సెప్పు. నేను మాత్రం తింటా.”

“నిన్న అట్లా తూలినావు గదా, ఎందుకు మళ్ళా?”

“ఇదీ అంతేనా కాదా తెలుసుకోవాల గదా.”

స్వప్న మూట వదల్లేదు. నిన్నటిదాకా కథని నమ్మనిది ఆమె. ఇవాళ ఆ మూటను చూస్తేనే భయం. వదలాలంటే నాకూ పెట్టాలంది. ఇద్దరూ తూలితే చూసుకునేదెవరని ఉరుకుందమ్మ అడిగింది.

“నేనుండా గదా” అన్నాడు మారెప్ప.

“అదే నా భయం” అంది ఉరుకుందమ్మ.

చివరికి శుక్రవారం ఆమె ఒక్కతే తింది. నర్సమ్మకు ముందే చెప్పి పెట్టారు. మిల్లులో పొట్టు తీయించారు, ఏడు నీళ్ళు కడిగారు, పదకొండుకు తింది. ఒంటిగంటకు చెంబు అందుకుంది. రెండుకు సూదిలో దారం ఎక్కించింది. నాలుగుకు పక్కింటి గేదె తాడు తెంచుకుంటే వెంట పరిగెత్తి పట్టుకొచ్చింది. శనివారం స్వప్న కూడా తింది. చేదు లేదంది. సాయంత్రం దాకా ఇద్దరూ ఒకరినొకరు కనిపెట్టుకుని ఉన్నారు. మాదన్న ఫోన్ చేసి, మా అమ్మ ఏమన్నా పాడిందా అని అడిగాడు. లేదని చెబితే కొంచెం నిరాశపడ్డాడు.

ఆ సాయంత్రమే ఆదివారానికి సరిపడా గింజలు ఆడించుకుని ఆటోలో ఎమ్మిగనూరు పోయారు.

ఆదివారం బడి వెనక రేకుల కింద పొయ్యిలు పెట్టారు. వంకాయ కూర, అనపగింజల పులుసు, గోంగూర పచ్చడి, మజ్జిగ. మొదటి గుండిగ ఆరికె అన్నం పదికి దిగింది. ఉరుకుందమ్మ అందులోంచి పళ్ళెం నిండా పెట్టుకుని బడి మెట్ల మీద కూర్చుని తింది. తిని అక్కడే కూర్చుంది. భోజనాలు పన్నెండుకని కాగితంలో ఉంది. ఉరుకుందమ్మ ఒంటిగంట అంది. వీణ మర్యాదగానే వచ్చి, తల్లులు చిన్నపిల్లలతో వచ్చారని, ఆకలితో ఉన్నారని చెప్పింది. ఎందుకు ఆగాలో చెప్పమంది. స్వప్న గుండిగ మూత సర్దింది. ఇప్పుడు నిజం చెబితే ఎవరూ తినరు. చెప్పకపోతే తాను ఏదో దాచిపెట్టినట్టు.

ఉరుకుందమ్మ ఏమీ దాచలేదు. ఆరికెల్లో వాన తగిలినవి మత్తెక్కిస్తాయని చెప్పింది. ఇవి వానకు ముందు కోసినవని, తాను రెండు రోజులు తిన్నానని, బుధవారం తడిసినవి తిని తూలానని కూడా చెప్పింది.

“మరి ఇంకా ఎందుకమ్మా కూర్చోవడం?” అంది వీణ.

“నూట ఇరవై మంది గదమ్మా. ఇంకో గంట కూచుంటే నాకేం పోతాది?”

వీణ లోపలికి పోయి, వంట ఆలస్యమైందని కాకుండా, ఉన్నది ఉన్నట్టు మైకులో చెప్పింది. నలుగురైదుగురు లేచి ఇంటికి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు కూర్చున్నారు. కొందరు బయటికి వచ్చి మెట్ల మీద ఉన్న ముసలామెను చూసిపోయారు. ఒకాయన, తూగుతున్నావామ్మా అని అడిగాడు. ఆకలవుతాంది అని చెప్పింది. ఒంటిగంటకు ఆమె లేచి, మెట్లన్నీ దిగి, మళ్ళీ ఎక్కి, వడ్డించమంది.

అన్నం కొంచెం బిరుసుగా ఉందని ఒకరిద్దరు అన్నారు. పులుసు రెండోసారి అడిగారు. గుండిగల్లో పెద్దగా మిగల్లేదు. వీణ గిన్నెలు సర్దే దగ్గరికి వచ్చి, వచ్చే ఆదివారం నుంచి వేసవి సెలవులకు బడి మూసేదాకా ఇలాగే కావాలంది. ఆరికె అన్నమే కావాలని, ముందు ఆ అమ్మే తినాలని చెప్పింది. స్వప్న సరేనంది. సరేనన్నాక అత్త వైపు చూసింది.

తిరుగు దారిలో ఆటోలో స్వప్న లెక్క వేసింది. మూటలో మిగిలింది రెండు ఆదివారాలకు వస్తుంది. మీ వీధిలో మద్దయ్య కూడా ఆరికెలు వేశాడట, నాలుగు మూటలున్నాయట, అడిగితే ఇస్తాడని విన్నానంది. ఉరుకుందమ్మ నిద్రలో ఉన్నట్టు కళ్ళు మూసుకుని ఉంది. వాళ్ళ చేను మా చేనికి పైనే గదా, వాన అక్కడా కురిసింది అంది.

మర్నాడు పొద్దున పత్తికి పోయే కూలీల ట్రాక్టరు వచ్చి హారన్ కొట్టింది. ఉరుకుందమ్మ తనకోసం ఆగొద్దని చెప్పి మద్దయ్య ఇంటికి పోయింది. ఆయన వాకిట్లో వేపపుల్ల నములుతున్నాడు. మూటలు వసారాలో ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. అడక్కముందే, తీసుకో అక్కా, నాలుగూ తీసుకో అన్నాడు.

“ఏ మూట ఎప్పుడు కోసినావు మద్దయ్యా?”

ఆయన పుల్ల నోట్లోంచి తీశాడు. దీపావళి తర్వాత అన్నాడు. వానకు ముందా, తర్వాతా అని ఆమె అడిగింది. ముందు కొంత, తర్వాత కొంత అన్నాడు. ఏది ముందుదో, ఏది తర్వాతిదో తెలియదన్నాడు. అన్నీ ఒకే కల్లంలో కొట్టామేమో అని, లేదేమో అని, మా ఆడదాన్నడగాలని, అది పుట్టింటికి పోయిందని అన్నాడు. ఉరుకుందమ్మ ఫోన్ చేయమంది. ఆయన లోపలికి పోయి ఫోన్ వెతుక్కున్నాడు. ఆమె మూటల పక్కన కింద కూర్చుని, కాళ్ళు చాపుకుని, ఆయన బయటికి వచ్చేదాకా ఎదురు చూసింది.